పెరటి మట్టితో పరిచయం



తొలకరి పడగానే నర్సరీల దగ్గర సందడి మొదలవుతుంది. స్కూటరు ముందు ఒక గులాబీ, వెనక కూర్చున్నవారి ఒళ్లో ఒక జామ అంటు. కొనేటప్పుడు మనం అడిగేవి మూడే ప్రశ్నలు. ఎన్నాళ్లకు కాస్తుంది? నీళ్లెన్ని పోయాలి? ఎరువేం వేయాలి? నర్సరీ ఆయన మూడింటికీ టకటకా జవాబు చెప్పి పంపేస్తాడు. నిజానికి ముందు ఆయనే మనల్ని ఒక ప్రశ్న అడగాలి. మీ ఇంటి దగ్గర మట్టి ఎలాంటిదండీ, అని. అది తెలియకుండా నీళ్ల లెక్క చెప్పడం కుదరదు. ఎరువు లెక్క అసలే కుదరదు.

అడగాల్సిన ఆయన అడగలేదు కనక, ఈ పూట మనమే తేల్చుకుందాం. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మధ్యలో మళ్లీ చెబుతాను, విసుక్కోకండి. మట్టిని తెలుసుకోవడమంటే, అది నీళ్లతో ఎలా మెలుగుతుందో తెలుసుకోవడం. పోసిన నీళ్లు లోపలికి తీసుకుంటుందా, పక్కకు తోసేస్తుందా? తీసుకున్నవి దాచుకుంటుందా, దిగవిడుస్తుందా? ఈ రెండూ తెలిస్తే ముప్పాతిక సంగతి తెలిసినట్టే.

అయితే అంతకంటే ముందు, మీ పెరట్లో ఉన్నది అసలు ఎక్కడి మట్టి? మాది నల్లరేగడి ప్రాంతమండీ అంటారు కొందరు. మాది ఎర్రచల్క అంటారు ఇంకొందరు. పొలానికైతే ఆ మాట సరిపోతుంది. ఇంటికి సరిపోదు. ఇల్లు కట్టేటప్పుడు నేల తలకిందులవుతుంది మరి.

పునాదులు తవ్వుతారు. సంపు తవ్వుతారు. ఆరడుగుల లోతు మట్టి బయటికొచ్చి కుప్పపడుతుంది. ఇల్లు పూర్తయ్యాక దాన్నే ప్రహరీ లోపల సర్దేస్తారు. వందల ఏళ్లుగా ఆకు రాలి, గడ్డి చివికి, వేళ్లు పారి తయారైన పైపొర అడుక్కి పోతుంది. ఎన్నడూ ఎండ చూడని అడుగుమట్టి పైకొస్తుంది. రోడ్డుకు సమానంగా ఎత్తు పెంచాలని దాని మీద రెండు ట్రాక్టర్ల మొరం. మొరం మీద మేస్త్రీ మాలు కలిపిన గుర్తులు, టైల్సు ముక్కలు, సున్నం బకెట్టు కడిగి పారబోసిన చోటు. చివరికి, గృహప్రవేశం దగ్గర పడ్డాక, చూడ్డానికి బాగుండాలని పైన బెత్తెడు ఎర్రమట్టి.

మన కంటికి కనబడేది ఆ బెత్తెడు ఎర్రమట్టి. మొక్క వేరుకు తగిలేది దాని కిందున్నదంతా.

కాబట్టి మొదటి పరీక్ష చువ్వ పరీక్ష. గట్టి వాన పడ్డ మర్నాడు సన్నటి ఇనుప చువ్వ ఒకటి తీసుకుని పెరట్లో అక్కడక్కడా గుచ్చి చూడండి. చేతి బలంతో దిగాలి. సుత్తి వాడకూడదు. ఒకచోట మూరెడు సునాయాసంగా దిగుతుంది. ఇంకోచోట జానెడు దిగి, టక్కున ఆగిపోతుంది. ఆగినచోట తవ్వి చూస్తే కాంక్రీటు పెళ్ల ఉండొచ్చు. లారీ చక్రాల కింద అణిగి గట్టిపడ్డ మొరం ఉండొచ్చు. చువ్వ దిగిన మూల చెట్టుకు. దిగని మూల బట్టలారేసుకునే తీగకు. ఏ మూల ఏ చెట్టు పెట్టాలన్నది వాస్తు చెప్పేలోపు చువ్వ చెబుతుంది.

చువ్వ దిగిన చోటే పైన రెండంగుళాలు గీకేయండి. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీయండి. రాళ్లు, వేళ్లు ఏరేయండి. కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ, చేతికి అంటీ అంటనట్టు పిసకండి. పిసికేటప్పుడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకోండి. నవ్వుకోకండి, రేడియో వినేవాళ్లకు ఇది తేలికే. ఇసుక ఎక్కువుంటే గరగరమని వినబడుతుంది. బంక ఎక్కువుంటే చప్పుడే ఉండదు.

ఇప్పుడు ఉండ చేయండి. ఉండ కట్టకుండా రాలిపోయిందా? ఇసుక నేల. మన ఊళ్లలో దుబ్బ నేల అంటారే, అది. ఉండ కట్టిందనుకోండి, రెండు అరచేతుల మధ్య పెట్టి పొడుగ్గా తిప్పండి. సాగబోయి తునిగిపోయిందా? గరప నేల. మీ అదృష్టం. సన్నగా, పొడుగ్గా సాగింది, గుండ్రంగా వంచి రెండు కొసలూ కలిపినా పగుళ్లివ్వలేదు. అప్పుడది బంకమట్టి.

చేతి మీద నమ్మకం చాలకపోతే కంటితో చూసుకునే దారీ ఉంది. ఖాళీ పచ్చడి సీసా, గాజుది, మూతున్నది ఒకటి తీసుకోండి. మూడోవంతు మట్టి పోయండి. మెడ దాకా నీళ్లు పోయండి. చిటికెడు బట్టలుతికే పొడి వేసి, మూత బిగించి, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపండి. తర్వాత కిటికీలో పెట్టేసి, కదపకండి.

నిమిషంలోనే అడుగున ఒక పొర కూర్చుంటుంది. అది ఇసుక. గంటా రెండు గంటల్లో దాని మీద ఇంకా మెత్తటి పొర ఒకటి కడుతుంది. అది ఒండ్రు. ఆ పైన నీళ్లు ఇంకా రంగుగానే ఉంటాయి. ఆ రంగంతా బంక. అది దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. మూత కింద తేలుతున్న నల్లటి తునకలు చూశారా? అవి ఆకులు, వేళ్లు చివికిన ముక్కలు. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ఎందుకింత తేడా అంటే, ముతక ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బంక రేణువు 0.002 మిల్లీమీటరు కూడా ఉండదు. వెయ్యి రెట్ల తేడా! అంత చిన్న రేణువులు కోటానుకోట్లు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటి నడుమ నీరు చిక్కుకుంటుంది. పోషకాలూ వాటిని పట్టుకునే నిలుస్తాయి. అందుకే బంకనేల బలమైన నేల. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి. నీళ్లు అలా వచ్చి, ఇలా పోతాయి. వాటితోపాటు మీరు వేసిన ఎరువూ పోతుంది.

ఇక్కడ మళ్లీ మన మొదటి మాట. మట్టి నీళ్లతో ఎలా మెలుగుతుందో చూడాలి. ఇసుకా, బంకా అని పేరు పెట్టుకున్నది అందుకే.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్కువగా కనబడేవి ఎర్రనేల, నల్లనేల. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పెట్టారు. ఆ ఆవరణలో ఎర్రనేలా ఉంది, నల్లనేలా ఉంది. మెట్ట సేద్యం మీద పరిశోధనలకు అది బాగా కలిసొచ్చింది. ఒకే ఆకాశం, ఒకే వాన. ఆ వాన పడ్డాక ఈ నేల చేసే పని వేరు, ఆ నేల చేసే పని వేరు.

ఎర్రచల్క గ్రానైటు రాయి చివికి వచ్చింది. అందులోని ఇనుమే ఆ ఎరుపు. వాన పడితే ముందు బాగానే తాగుతుంది. కాని పైన ఆచ్ఛాదన లేకపోతే చినుకుల దెబ్బకు పైపొర చితికి, ఎండాక పెచ్చు కడుతుంది. ఆ తర్వాతి వాన ఆ పెచ్చు మీద నుంచి జారి వీధిలోకి పోతుంది. లోపలికి దిగిన నీటినీ ఎక్కువ రోజులు దాచుకోదు. మూడు రోజులు వానలు ఆగితే మొక్క వాలిపోతుంది.

నల్లరేగడి అలా కాదు. ఆదిలాబాద్ వైపు రేగళ్లు చాలావరకు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారి గడ్డకట్టిన లావా రాయి చివికి వచ్చినవి. అందులోని బంక తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం రేగడి చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు మీరు చూసే ఉంటారు. తొలివాన ఆ నెర్రెల్లోంచి గబగబా లోపలికి దిగిపోతుంది. రెండు మూడు వానలకు నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఆ తర్వాత నీళ్లు దిగమన్నా దిగవు. పైన నిలబడిపోతాయి. చెప్పులకు కిలో మట్టి అంటుకునేది అప్పుడే.

ఇక్రిశాట్ వాళ్లు ఈ నల్లనేలకు ఒక పద్ధతి చెప్పారు. వెడల్పుగా ఎత్తు మళ్లు చేసి, మధ్యలో కాలువలు తీయడం. మొక్కలు ఎత్తు మీద, మిగులు నీళ్లు కాలువలో. పెరట్లోనూ అదే చేయండి. నల్లమట్టి ఉన్న ఇంట్లో మొక్క పల్లంలో ఉండకూడదు, ఎత్తు మీద ఉండాలి. ఎర్రమట్టి ఉన్న ఇంట్లో మొక్క చుట్టూ పాదు చేసి, నీళ్లు అక్కడే నిలబడేలా చూడాలి. నల్లమట్టికి ఎత్తు. ఎర్రమట్టికి పాదు. ఇదొక్కటి గుర్తున్నా చాలు.

బొప్పాయి సంగతే చూడండి. మంచి ఏపు మీద, కాయలతో ఉన్న చెట్టు. ముసురు పట్టింది. మొదట్లో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. కింది ఆకులు పసుపెక్కి వేలాడిపోయాయి. మొదలు దగ్గర కాండం నీరుపట్టినట్టు మెత్తబడింది. మరో వారానికి చెట్టు ఒరిగిపోయింది. ఇంటాయన పురుగు మందు కొట్టాడు, చీమల మందు చల్లాడు. అక్కడ పురుగూ లేదు, చీమా లేదు. వేళ్లకు గాలి ఆడలేదు, మొదలు కుళ్లింది, అంతే. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. అదే బొప్పాయి అడుగు ఎత్తు మట్టిదిబ్బ మీద ఉండి ఉంటే, ఆ ముసురును తట్టుకునేది.

మీ నేలలో నీళ్లు దిగుతాయో లేదో తెలుసుకోవాలంటే అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తవ్వండి. నిండా నీళ్లు పోయండి. మొదటిసారి లెక్క కాదు, పొడిమట్టి ఎలాగూ తాగుతుంది. అవి ఇంకిపోయాక మళ్లీ నింపండి. అసలు పరీక్ష ఇది. నిమిషాల్లో ఖాళీ అయితే నేల నీళ్లు నిలపదు, తరచుగా కొద్దికొద్దిగా పోయాలి. రెండు మూడు గంటల్లో ఇంకితే బాగుంది. మర్నాడు పొద్దున కూడా నీళ్లు కనబడితే, ఆ చోట నిమ్మ పెట్టకండి, మునగ పెట్టకండి, కరివేపాకు పెట్టకండి. పెట్టాలనే ఉంటే ముందు ఎత్తు చేయండి.

ఆ బంకనేలలోనే చాలామంది చేసే ఇంకో పనుంది. పెద్ద గొయ్యి తవ్వుతారు. తవ్విన మట్టి బాగాలేదని పారేస్తారు. ఎర్రమట్టి, ఇసుక, ఎరువు కలిపి గొయ్యి నింపి మొక్క పెడతారు. ఎంత శ్రద్ధ! కాని చుట్టూ ఉన్నది బంకే కదా. పడ్డ వానంతా మెత్తటి ఆ గోతిలోకి దిగి, అక్కడ్నుంచి ఎటూ పోలేక నిలిచిపోతుంది. గొయ్యి కాస్తా నీళ్లతొట్టి అవుతుంది. తవ్విన మట్టిని పారేయకండి. దానికే చివికిన పశువుల ఎరువు కలిపి, అదే గోతిలో నింపి, నేల కంటే జానెడు ఎత్తుగా పోయండి.

కడియం మొక్కల గురించీ ఇక్కడే చెప్పాలి. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీల నుంచి లారీల మీద మొక్కలు మన ఊళ్లకే కాదు, దేశమంతా పోతాయి. చాలా మొక్కల వేళ్ల చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ముద్ద, జిగటది, బిగుతుగా ఉంటుంది. దూరప్రయాణానికి అదే మంచిది, వేరు కదలదు. దాన్ని తెచ్చి మన ఎర్రచల్కలో గొయ్యి తీసి పెడతాం. రోజూ నీళ్లు పోస్తాం. పక్కనున్న చల్క నీళ్లు తాగేస్తుంది. ముద్ద ఒకసారి ఎండిందంటే మాత్రం నీళ్లు దాని పక్క నుంచి జారిపోతాయి, లోపలికి పోవు. బయట మట్టి తడిగా ఉంటుంది, లోపల వేళ్లు దాహంతో ఉంటాయి. నెలన్నర తర్వాత మొక్క ఎండిపోతే, పీకి చూడండి. వేళ్లు ముద్ద దాటి ఒక్కటీ బయటికొచ్చి ఉండదు.

మరేం చేయాలి? నాటే ముందు ఆ ముద్దను బకెట్టు నీళ్లలో అరగంట ఉంచండి. పై బంకను వేళ్లతో మెల్లగా సడలించండి. మొత్తం ఊడదీయొద్దు, పై పొర చాలు. ఊడిన ఆ బంకను గోతి మట్టిలోనే కలపండి. అప్పుడు రెండు మట్లకూ మధ్య గోడ ఉండదు, వేరు ధైర్యంగా అడుగు బయటపెడుతుంది. మొదటి నెల నీళ్లు పాదులోనే కాదు, మొదట్లో కూడా పోయండి.

మన రైతులు అదనూ పదునూ అంటారు. అదను కాలానికి, పదును తడికి. పెరటి తోటలకు ఆ పదునే చాలా ముఖ్యం. వాన వెలిసిందో లేదో పార పట్టుకుని దిగేవాళ్లున్నారు, మట్టి మెత్తగా ఉంటుంది కదా అని. తడి బంకమట్టిని తవ్వినా, తొక్కినా దాని లోపలి సందులన్నీ మూసుకుపోతాయి. ఎండాక పెళ్లలు పెళ్లలుగా గట్టిపడుతుంది. ఇక ఆ సీజనంతా దానితో కుస్తీయే. గుప్పెడు మట్టి పిడికిట పట్టి నొక్కండి. వేళ్ల సందుల్లోంచి నీరో బురదో వస్తే ఇంకా ఆగండి. ఉండ కట్టి, బొటనవేలితో తాకగానే పొడిపొడిగా విడిపోతే అదీ పదును. ఆ రోజే తవ్వండి. నల్లనేలకు ఆ పదును రెండు మూడు రోజులే ఉంటుంది. ఎదురుచూసి పట్టుకోవాలి.

ఇప్పుడు సీసాలో తేలిన నల్లటి తునకల దగ్గరికొద్దాం. ముందు ఇంకో చిన్న పరీక్ష. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పెట్టుకోండి. ఏళ్లుగా ఎవరూ కదపని వేపచెట్టు కింద నుంచి ఒక మట్టిగడ్డ తెచ్చుకోండి. మనుషులు నడిచే బాట పక్క నుంచి ఇంకో గడ్డ. రెండూ బాగా ఎండినవై, గోలీకాయంత ఉండాలి. మెల్లగా నీళ్లలోకి వదలండి. చూస్తూ ఉండండి.

బాట పక్క గడ్డ అంచుల్లోంచి రాలడం మొదలవుతుంది. బుడగలొస్తాయి. ఐదు నిమిషాల్లో కుప్పకూలి బురదైపోతుంది. వేపచెట్టు కింది గడ్డ మాత్రం చాలాసేపు అలాగే కూర్చుంటుంది. కాసిని బుడగలు వదిలి, నీళ్లు పీల్చుకుని, ఆకారం పోకుండా ఉంటుంది. రెండిట్లోనూ ఇసుకా బంకా పాళ్లు ఒకటే కావచ్చు. తేడా ఎక్కడుంది? చెట్టు కింద ఆకు రాలి చివికింది. వానపాము తిని విసర్జించింది. శిలీంధ్రాల సన్నని పోగులు రేణువుల్ని కట్టిపడేశాయి. ఆ జిగురే గడ్డను నిలబెట్టింది. వాన పడ్డప్పుడు మీ నేలలో జరిగేది ఆ గ్లాసులో జరిగినదే. కూలిపోయే గడ్డలున్న నేల పెచ్చు కడుతుంది. నిలిచే గడ్డలున్న నేల నీళ్లు తాగుతుంది.

అందుకే ఇసుక నేలకూ మందు ఎరువే, బంకనేలకూ మందు ఎరువే. ఇసుక నేలలో అది నీళ్లు నిలబెడుతుంది. బంకనేలలో అది సందులు చేసి నీళ్లు దింపుతుంది. బంకనేలను గుల్ల చేయడానికి ఇసుక కలపమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వద్దండీ. రెండు మూడు బస్తాల ఇసుక కలిపితే ఆ రేణువుల చుట్టూ బంక పేరుకుని, ఎండాక గునపానికి కూడా లొంగదు. గుణం కనబడాలంటే పెరట్లో సగం ఇసుకే పోయాలి. ఆ డబ్బుతో ఎరువు కొనుక్కోండి.

ఎరువంటే చివికిన ఎరువు. పశువుల ఎరువైతే పేడ వాసన పోయి, మట్టి వాసన రావాలి. ముట్టుకుంటే వేడి ఉండకూడదు. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి, చెదలు వస్తాయి, వేరుపురుగు చేరుతుంది. ఏడాదికోసారి, తొలకరికి ముందు, రెండంగుళాల మందాన పరిచి పైపైన కలపండి. లోతుగా తిరగేయొద్దు. మిగతా కాలమంతా నేలను కప్పి ఉంచండి. ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది. పొద్దున్నే పెరడంతా ఊడ్చి, ఆకులన్నీ గుట్టపెట్టి నిప్పంటించే అలవాటు మన వీధుల్లో ఇంకా ఉంది. నేల తిండిని నేల ముందే కాల్చేస్తున్నామన్నమాట. ఊడ్చిన ఆకు మొక్కల మొదట్లో వేయండి. పాములొస్తాయని భయముంటే గడప దగ్గర వద్దు, పెరటి చివర మొక్కలకు వేయండి.

ఎర్రచల్క ఉన్నవాళ్లకు చెరువు మట్టి వరం లాంటిది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో పూడిక తీసి పొలాలకు తోలుకున్నది ఇందుకే. చల్కకు లేని బంక, చెరువు మట్టిలో ఉంటుంది. నల్లరేగడి ఉన్నవాళ్లకు దానితో పని లేదు, ఉన్న బంక చాలు. నగరాల్లో మురుగు కలిసే చెరువుల మట్టి మాత్రం ఎవరికీ వద్దు.

ఇక పసుపెక్కే ఆకుల సంగతి. ఇది ఎక్కువమంది అడిగేది. ఏ ఆకులు పసుపెక్కాయో ముందు చూడండి. కింది ముదురాకులు మొత్తం పాలిపోతే నత్రజని చాలలేదని అనుమానించవచ్చు. కొసన కొత్తగా వచ్చిన లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, అది ఇనుము లోపం. ఎర్రమట్టిలో ఇనుముండగా ఇనుము లోపమేమిటని అడగొచ్చు. నేలలో ఇనుముంటుంది, మొక్కకు అందదు. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము కరగదు, కరగనిది వేరు తీసుకోలేదు. మన ఇళ్ల దగ్గర ఆ సున్నం ఎక్కడిదో ఇందాకే చెప్పుకున్నాం. కొంత మేస్త్రీ వదిలిపోయింది. కొంత బోరు నీళ్లతో రోజూ మనమే పోస్తున్నాం. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే అదే.

మట్టిలో సున్నం ఉందో లేదో చూడాలంటే ఎండిన మట్టి చెంచాడు తీసుకుని, దాని మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. బుసబుసమని పొంగితే సున్నం ఉన్నట్టే. అటువంటి నేలలో పొయ్యి బూడిద వేయకండి. బూడిద మంచిదని మన పెద్దలు అన్నమాట అబద్ధం కాదు, కాని అది సున్నం పని కూడా చేస్తుంది. సున్నం లేని నేలకు సరే, ఉన్న నేలకు చేటు. గుడ్డు పెంకులూ అంతే, పైగా అవి చివకడానికి ఏళ్లు పడుతుంది. ఎప్సమ్ ఉప్పు వేస్తే అన్నీ పూస్తాయని ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతోంది. అందులో ఉండేది మెగ్నీషియం, గంధకం. మీ నేలకు అవి తక్కువైతే పనిచేస్తుంది, లేకపోతే ఖర్చు.

ఇనుము లోపానికి తాత్కాలికంగా అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఆకుల మీద కొట్టవచ్చు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. మళ్లీ చెబుతున్నాను. లీటరు నీళ్లకు 5 గ్రాములు అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. చల్లపూట, వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు. శాశ్వతంగా అయితే మళ్లీ ఎరువే దిక్కు. వాన నీళ్లు పట్టి పోయగలిగితే ఇంకా మంచిది.

మేడ మీద కుండీలు పెట్టినవాళ్లు, మాకు నేలే లేదు కదా అంటారు. మీకొక్క మాట. నేలలో మట్టి వేరు, కుండీలో మట్టి వేరు. ఎంత మంచి పెరటి మట్టైనా వట్టిది కుండీలో పోస్తే గట్టిపడుతుంది. సగానికి పైగా చివికిన ఎరువు, కొబ్బరి పీచు పొడి కలవాలి. అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా పోతాయనుకుంటారు. పోవు. రాళ్ల పైన ఉన్న మట్టి పూర్తిగా తడిస్తే గాని నీళ్లు కిందికి దిగవు, ఆ తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. కన్నం మీద ఒక పెంకు ముక్క చాలు.

చివరగా, మనం ఇంట్లో చేయలేనిది ఒకటుంది. నేలలో ఉప్పు శాతం, ఉదజని సూచిక (పీహెచ్), సేంద్రియ కర్బనం కొలవడం. దానికి మట్టి పరీక్ష కేంద్రానికి పంపాలి. వ్యవసాయ శాఖ కేంద్రాలున్నాయి, కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. ఇంటి తోట మట్టి కూడా తీసుకుంటారా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మట్టి తీసే తీరు ముఖ్యం. పైన చెత్త తీసేసి, జానెడు లోతుగా గుంట తవ్వి, దాని గోడ నుంచి పై నుంచి కిందిదాకా ఒకే మందాన ఒక పొర చెక్కండి. అలా ఐదారు చోట్ల చెక్కి, అన్నీ కలిపి, నీడలో ఆరబెట్టి, అర కిలో పంపండి. ఎరువు కుప్ప పక్కన తీయొద్దు. చెట్టు మొదట్లో తీయొద్దు. గోడ వారగా తీయొద్దు, అక్కడ సిమెంటు ఉంటుంది.

కాగితం వచ్చాక మూడు అంకెలు చూడండి. ఉదజని సూచిక ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఉంటే నిశ్చింత. ఎనిమిదిన్నర దాటితే చౌడు అనుమానం, జిప్సం ఎంత వేయాలో వాళ్లనే అడగండి, మీరు ఉజ్జాయింపుగా వేయకండి. లవణాలు ఎక్కువున్నాయని రాస్తే మురుగు పోయే దారి చూడాలి. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే బాగుంది. మన ఎండలకు చాలా పెరళ్లలో అది తక్కువే వస్తుంది. కంగారు పడకండి. ఎరువు, ఆకు, ఎరువు, ఆకు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ఆ కాగితం చేతికొచ్చేదాకా మొక్కలు కొనొద్దు. కాస్త ఆలస్యమైనా నర్సరీలు ఎక్కడికీ పోవు.